మాటకూ సనద్ కావాలి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రోడ్డు మార్గాన సుమారు 40 కిలోమీటర్లు. ఒక సాయంత్రం ఆ దారిన ప్రయాణిస్తుండగా, నా పక్కన కూర్చున్న మా మక్తబ్ విద్యార్థి రోడ్డు పక్కనున్న ఇంగ్లీషు బోర్డును కూడబలుక్కుని చదివాడు. వెంటనే, "హజ్రత్! ఆల్జీబ్రా, ఆల్కహాల్ మాదిరిగా ఆళ్లగడ్డ కూడా ఏ, ఎల్ అక్షరాలతోనే మొదలవుతోంది. ఇదీ అరబీ మాటేనా?" అని అడిగాడు. ఆ రెండక్షరాలతో మొదలయ్యే పదాలు రాసుకు రమ్మని బడిలో చెప్పారట. వాటిలో కొన్ని అరబీవని నేను ఎప్పుడో అన్నమాట అతనికి గుర్తుంది.

ప్రశ్న చిన్నదే. కానీ దాని సమాధానం పెద్దలమైన మనకు కూడా అవసరం.

సూరె ఫాతిహాలో 'అల్ హమ్దు' అన్నప్పుడు మనం పలికే 'అల్' అరబీలో నామవాచకానికి ముందు చేరే చిన్న పదం. ఫలానా వస్తువు అని నిర్దేశించడం దాని పని. క్రీ.శ. 711లో ముస్లింలు స్పెయిన్‌లో అడుగుపెట్టాక శతాబ్దాల పాటు అక్కడ అరబీ విద్యాభాషగా వర్ధిల్లింది. 12వ శతాబ్దంలో ఐరోపా పండితులు అరబీ గ్రంథాలను లాటిన్‌లోకి అనువదించారు. ఆ మార్గాలలో పదాలు తరలినప్పుడు 'అల్' కూడా పదంలో భాగంగానే వెళ్లిపోయింది.

ఆల్జీబ్రా అలా వెళ్లినదే. ఖలీఫా మామూన్ కాలంలో, అంటే 813-833 మధ్య, బగ్దాద్‌లో ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఒక గణిత గ్రంథం రచించారు. దాని పేరులోని 'అల్ జబ్ర్'కు పునరుద్ధరించడం అని అర్థం. విరిగిన ఎముకను సరిచేయడానికి కూడా అదే మాట. ఒక సంఖ్య నుంచి 3 తీసివేస్తే 7 మిగిలిందనుకోండి. తీసివేసిన 3ను రెండు వైపులా చేర్చితే ఆ సంఖ్య 10 అని తేలుతుంది. ఇదే జబ్ర్. 1145లో ఈ గ్రంథం లాటిన్‌లోకి వెళ్లింది. ఆయన పేరు లాటిన్ ఉచ్చారణలో మారి, నేటి కంప్యూటర్ విద్యార్థులు నిత్యం వినే అల్గారిథం అయింది.

ఆల్కహాల్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. మూలపదం 'అల్ కుహ్ల్', అంటే మనం కళ్లకు పెట్టుకునే సుర్మా. మెత్తని పొడికి వాడిన ఆ మాట క్రమంగా ఏ పదార్థం నుంచైనా తీసిన సూక్ష్మ సారానికీ, ఆపైన మద్యసారానికీ వర్తించింది. సుర్మా సున్నత్, మద్యం హరామ్. తీర్పు వస్తువును బట్టే గాని పేరును బట్టి కాదు.

ఇక ఆల్కలీ. కొన్ని మొక్కలను కాల్చగా వచ్చే బూడిదకు అరబ్బులు 'అల్ ఖలీ' అన్నారు. మన రైతులు చౌడు అని పిలిచే నేలల్లో కొన్నింటికి వ్యవసాయ శాస్త్రంలో ఈ మాట మీదనే పేరు వచ్చింది.

అయితే ఆ రెండక్షరాలు కనిపించిన ప్రతి పదాన్నీ మన ఖాతాలో వేసుకోరాదు. ఎత్తును తెలిపే ఆల్టిట్యూడ్ లాటిన్ సంతతి. ఆల్ఫాబెట్ గ్రీకు అక్షరాల పేర్ల నుంచి ఏర్పడింది. ఆల్వేస్, ఆల్మోస్ట్ అచ్చమైన ఇంగ్లీషు మాటలు. మన ఇళ్లలోని అల్మరా పోర్చుగీసు వారి వెంట వచ్చింది. ఆళ్లగడ్డ విషయానికొస్తే, ఇంగ్లీషు బోర్డును వదిలి తెలుగు బోర్డును చూస్తే చాలు. అందులోని 'ళ' ధ్వని అరబీలో లేనే లేదు, గడ్డ తెలుగు మాట. పరాయి లిపిలో పోలిక కనిపించినంత మాత్రాన బంధుత్వం ఏర్పడదు.

మరోవైపు 'అల్' లేని బంధువులూ ఉన్నారు. నంద్యాల నల్లరేగడిలో పండే పత్తిని ఇంగ్లీషులో కాటన్ అంటారు, అది అరబీ 'ఖుత్న్'. జీరో అరబీ 'సిఫ్ర్' నుంచి వచ్చింది. అయితే ఆ సున్నా భావనను అరబ్బులు భారతీయుల నుంచి గ్రహించారు. ఖ్వారిజ్మీ తన మరో గ్రంథంలో ఆ లెక్కింపును భారతీయుల విధానంగానే వివరించారు. ఇచ్చిన దానితో పాటు పుచ్చుకున్న దానిని కూడా చెప్పడమే అమానత్.

హదీసును మనం ఎలా స్వీకరిస్తాం? మాట అందంగా ఉందని కాదు, ఎవరి నుంచి ఎవరికి చేరిందో సనద్ చూస్తాం. పదానికి కూడా అదే న్యాయం వర్తిస్తుంది. తెలియని విషయం వెంటపడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నీ ప్రశ్నింపబడతాయని సూరె బనీ ఇస్రాయీల్ 36వ ఆయత్ హెచ్చరిస్తోంది. ఫోన్‌కు వచ్చిన గొప్పల సందేశాన్ని విచారించకుండా పదిమందికి పంపేవారికి ఇది చాలు.

ఇక్కడొక సంగతి. ఖ్వారిజ్మీ ఆల్జీబ్రా గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలకు, వారసత్వపు వాటాలకు సంబంధించినది. ఒకరు 8 ఎకరాలు వదిలి మరణించారు, అప్పులు తీరాయి, వారసులు ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు మాత్రమే అనుకుందాం. సూరె నిసా 11వ ఆయత్ ప్రకారం కొడుకుకు రెండు వాటాలు, ఒక్కొక్క కూతురికి ఒకటి. మొత్తం నాలుగు వాటాలు. అంటే కొడుకుకు 4, కూతుళ్లకు రెండేసి ఎకరాలు. పదో తరగతి పిల్లవాడు కూడా చేయగల లెక్క ఇది. ఆల్జీబ్రా మాదేనని సభల్లో చెప్పుకుంటూ, పెళ్లి ఖర్చే కూతురి వాటా అని సర్దిచెప్పే ఇంట్లో ఆ మాట మిగిలింది గాని దాని విద్య మిగలలేదు, దాని న్యాయమూ మిగలలేదు.

ఆ బాలుడు నోటు పుస్తకంలో గీత గీసి పదాలను రెండు వరుసలుగా విడదీసి రాశాడు. ఆళ్లగడ్డను ఏ వరుసలో రాయాలని అడిగి, తానే నవ్వి కొట్టివేశాడు. మీ పిల్లలతో కూడా ఈ పని చేయించండి. పక్కన నిఘంటువు ఉండనివ్వండి. బడి చదువు, దీనీ చదువు ఒకదానికొకటి పరాయివి కావని వారికి ఆ పుటలోనే తెలుస్తుంది.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానిని ఆచరించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.