స్కానర్‌కి జీపీఎస్ కొంటున్నారా? శాటిలైట్ల లెక్క తర్వాత, ముందు వైరు చూడండి!

నా ఉద్యోగం డాలస్‌లో, అక్కావాళ్ల ఇల్లు ఓక్లహోమాలోని నార్మన్‌లో. నెలకి రెండుసార్లయినా ఐ-35 మీద మూడు గంటల డ్రైవింగ్ తప్పదు. మామూలు రోజుల్లో అదో పెద్ద విషయం కాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రం ఆ రోడ్డు లెక్కే వేరు. అది టోర్నడోల కాలం. నార్మన్ పక్కనే ఉన్న మూర్ ఊరి మీదుగా 2013 మే 20న వెళ్లిన టోర్నడోకి 24 మంది బలయ్యారు.

అందుకే నా కార్లో రేడియో స్కానర్ ఉంటుంది. వందల ఛానెళ్లని చకచకా తడుముతూ, ఎవరైనా మాట్లాడుతున్న చోట ఆగి వినిపించే రేడియో అది. ఫైర్, అంబులెన్స్, తుఫాను కదలికల్ని గమనించి చెప్పే హ్యామ్ రేడియో వాళ్లు... అందరి మాటలూ అందులో వస్తాయి. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే ప్రభుత్వ వాతావరణ రేడియో ఛానెళ్లు ఏడూ వస్తాయి.

"ఫోన్‌కి అలర్ట్ వస్తుంది కదన్నా, ఇదెందుకు?" అని మా ఆఫీసులో గుంటూరు తమ్ముడొకడు అడిగాడు. వస్తుంది, రానివ్వండి, ఆపొద్దు. కానీ ముందున్న కౌంటీలో ఏ రోడ్డు మూశారో, కరెంటు తీగలు ఎక్కడ తెగిపడ్డాయో ఆ అలర్ట్ చెప్పదు. సెల్ సిగ్నల్ పోయిన చోట ఫోన్ మూగబోతుంది. స్కానర్‌కి సెల్ సిగ్నల్‌తో పనే లేదు.

జీపీఎస్ ఎందుకంటే...

డాలస్ నుంచి నార్మన్ వెళ్లేలోపు తొమ్మిది కౌంటీలు తగులుతాయి. డాలస్, డెంటన్, కుక్ దాటితే రెడ్ రివర్. నది అవతల లవ్, కార్టర్, మరీ, గార్విన్, మెక్లెయిన్, క్లీవ్‌లాండ్. ఎక్కడి ఛానెళ్లు అక్కడివే. గంటకి 70 మైళ్ల వేగంతో పోతూ, వానలో, స్కానర్ బటన్లు నొక్కుతూ కూర్చుంటే టోర్నడో దాకా అక్కర్లేదు, ముందున్న ట్రక్కే చాలు.

యూనిడెన్ కంపెనీ హోమ్‌పేట్రోల్, బీసీడీ536హెచ్‌పీ, ఎస్‌డీఎస్200 లాంటి స్కానర్లకి జీపీఎస్ తగిలిస్తే ఈ గోల ఉండదు. స్కానర్‌లోని డేటాబేస్‌లో ఒక్కో రేడియో వ్యవస్థ ఏ ప్రాంతానికి చెందిందో ఉంటుంది. మనం ఎక్కడున్నామో జీపీఎస్ చెబుతుంటే, పాత కౌంటీని వదిలేసి కొత్త కౌంటీని స్కానరే అందుకుంటుంది.

ఖరీదైనది అక్కర్లేదు

షాపులో మొదట కనిపించేవి ఇవే: ఇన్ని శాటిలైట్లు, సెకనుకి పదిసార్లు అప్‌డేట్, ఇంత కచ్చితత్వం. స్కానర్‌కి వీటిలో ఏదీ పెద్దగా పనికిరాదు. 70 మైళ్ల వేగంలో కారు సెకనుకి సుమారు 31 మీటర్లు కదులుతుంది. స్కానర్ లెక్క చూసేదేమో మైళ్లలో. జీపీఎస్ 5 మీటర్లు తప్పు చెప్పినా, 50 మీటర్లు తప్పు చెప్పినా వినపడే ఛానెళ్లు అవే. సెకనుకి ఒక్క అప్‌డేట్ ఇచ్చేది సరిపోతుంది.

మరి డబ్బు ఎక్కడ వృథా అవుతుంది? వైరు దగ్గర.

మా గుంటూరు తమ్ముడు కూడా చివరికి స్కానర్ కొన్నాడు. దానికి లాప్‌టాప్‌లకి పెట్టుకునే యూఎస్‌బీ జీపీఎస్ బిళ్ల ఒకటి తెచ్చాడు. లైటు వెలగలేదు, స్కానర్ పలకలేదు. బిళ్ల చెడిపోలేదు. యూఎస్‌బీ పరికరాన్ని నడిపించాలంటే అవతల కంప్యూటర్ లాంటి యజమాని ఉండాలి. స్కానర్ ఆ పని చేయదు. దానికి కావాల్సింది పాతకాలపు సీరియల్ లైను. అందులో ఎన్‌ఎంఈఏ 0183 అనే పద్ధతిలో అక్షరాలు వరసగా వచ్చిపడాలి. ఆ పద్ధతిలో మామూలు వేగం 4800 బాడ్.

కాబట్టి కొనేముందు మూడే ప్రశ్నలు. సీరియల్ లైను ఉందా? వోల్టేజీ కుదురుతుందా? వేగం కలుస్తుందా?

మూడు దారులు

మొదటిది, తలనొప్పి లేనిది: స్కానర్ కంపెనీ అమ్మే జీపీఎస్, లేదా గార్మిన్ 18ఎక్స్ పీసీ లాంటి సీరియల్ రిసీవర్. ఈ గార్మిన్‌కి తొమ్మిది పిన్నుల సీరియల్ ప్లగ్గు, కారు లైటర్ సాకెట్‌లో పెట్టుకునే కరెంటు వైరు వస్తాయి. పేరు చివర ‘పీసీ’ ఉందో లేదో మాత్రం చూసుకోండి. అదే 18ఎక్స్‌లో యూఎస్‌బీ రకం ఉంది, ఉత్త తీగలతో వచ్చే ఎల్‌వీసీ రకమూ ఉంది. చేతిలో పట్టుకునే స్కానర్లకైతే ప్లగ్గు వేరు. ఆ మోడల్‌కి తగిన కేబుల్ దొరుకుతుందో లేదో ముందే తేల్చుకోండి.

రెండోది, సెకండ్ హ్యాండ్. పాత పసుపు రంగు గార్మిన్ ఈట్రెక్స్ లాంటివి గరాజ్ సేల్స్‌లో కారుచౌకగా దొరుకుతాయి. డేటా కేబుల్ కూడా సంపాదించి, మెనూలో ఎన్‌ఎంఈఏ పెడితే చాలు, పనిలోకి దిగిపోతుంది. ఇలాంటి పాతవి కొన్ని దాదాపు ఇరవయ్యేళ్ల కిందటి తేదీ చూపిస్తాయి. కంగారు పడకండి. జీపీఎస్ వారాల లెక్క 1024 దాటగానే మళ్లీ సున్నాకి వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అదే జరిగింది. తేదీ తప్పినా స్థలం సరిగ్గానే చెబుతాయి. తేదీ చూసి అమ్మేవాడు ధర తగ్గిస్తే మనకే లాభం!

మూడోది మన ఇంజినీరింగ్ పిల్లలకి బాగా తెలిసిన దారి: నియో-6ఎం బోర్డు. ఫైనలియర్ ప్రాజెక్టులో ఆర్డ్యూనోకి తగిలించి ఉంటారుగా, అదే! అన్నిటికంటే చవక ఇదే. కాకపోతే రెండు మెలికలున్నాయి. ఇది మామూలుగా 9600 బాడ్‌లో మాట్లాడుతుంది. స్కానర్ 4800లో వింటుంటే వచ్చేది చెత్తే. రెండింటినీ ఒకే వేగానికి తేవాలి. ఇక దీని సిగ్నల్ 3.3 వోల్టుల లాజిక్, స్కానర్ వెనకున్న పోర్టేమో ఆర్‌ఎస్-232. మధ్యలో మ్యాక్స్ 3232 చిప్ ఉన్న చిన్న కన్వర్టర్ పెట్టాలి. నేరుగా కలిపితే పనిచేయకపోవడమే కాదు, బోర్డు మాడిపోవచ్చు కూడా.

కొత్త రకం బోర్డు తీసుకుంటే ఇంకో సంగతి. జీపీఎస్‌తోపాటు వేరే దేశాల శాటిలైట్లనీ కలిపి వాడే రిసీవర్లు వాక్యాన్ని ‘జీపీ’ బదులు ‘జీఎన్’ అక్షరాలతో మొదలుపెడతాయి. పాత పరికరాలు కొన్ని దాన్ని గుర్తుపట్టవు. సెట్టింగ్స్‌లో జీపీఎస్ ఒక్కటే ఉంచితే సరి.

నా ఓటు? సోల్డరింగ్ సరదా ఉంటే మూడోది. వానలో హైవే మీద దాని మీద ఆధారపడాలంటే మొదటిది. కదిలితే ఊడిపోయే తీగ ఆ టైములో ఎవరికీ వద్దు.

కారులో పెట్టేటప్పుడు

రిసీవర్‌కి ఆకాశం కనపడాలి. డ్యాష్‌బోర్డు మీద, అద్దం కింద పెడితే చాలావరకు పనిచేస్తుంది. కొన్ని కార్ల అద్దాలకి లోహపు పూత ఉంటుంది, అప్పుడు బిళ్లని పైకప్పు మీదికి ఎక్కించాల్సిందే. చాలాకాలం వాడని రిసీవర్ మొదటిసారి శాటిలైట్లని పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. బయల్దేరే ముందే ఆన్ చేసి ఉంచండి. నాసిరకం కార్ ఛార్జర్లు స్కానర్‌లో గరగర తెస్తాయి, వాటిని దూరం పెట్టండి.

రేంజ్ సెట్టింగ్ కూడా ముఖ్యమే. మరీ పెంచితే డాలస్ లాంటి చోట ఛానెళ్లు కుప్పలు తెప్పలుగా వచ్చి అసలు మాట జారిపోతుంది. మరీ తగ్గిస్తే పక్క కౌంటీలో ఏం జరుగుతోందో అక్కడికి చేరాకే తెలుస్తుంది. నేను పల్లె దారిలో పది మైళ్లు ఉంచుతాను, నగరంలో తగ్గిస్తాను.

చట్టం మాటేంటి?

అమెరికా అంతా ఒకే రూలు లేదు. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో కార్లో పోలీసు ఛానెళ్లు వినే స్కానర్ల మీద ఆంక్షలున్నాయి. రాష్ట్రం దాటుతుంటే ముందే చూసుకోండి. చాలాచోట్ల పోలీసులు ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నారు, అది ఏ స్కానర్‌లోనూ వినపడదు. సెలవులకి ఇండియా వెళ్తూ దీన్ని సూట్‌కేసులో వేసుకుందామన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. మన దగ్గర వైర్‌లెస్ సెట్లకి రూల్స్ వేరు, లైసెన్సుల గొడవ ఉంటుంది.

ఇంతా చేసి స్కానర్ మీకు చెప్పేది ముందు ఏముందో అంతే. వినపడింది మంచిది కాకపోతే తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, గట్టి కట్టడం ఏదైనా చూసుకుని ఆగిపోండి. మా అక్క ఎప్పుడూ అనేది అదే: "లేటుగా వస్తే అన్నం వేడి చేసి పెడతాను, నువ్వు ఆగి రా."