యుద్ధానికి ముందు సిరియా: చలనచిత్రాల సాక్ష్యం

శాంతికాలంలో నిత్యజీవితాన్ని చిత్రించి భద్రపరచాలన్న ఆలోచన కొద్దిమందికే కలుగుతుంది. మస్జిదు మినార్‌ను ప్రతి యాత్రికుడూ ఫోటో తీసుకుంటాడు. ఆ మినార్ నీడలో సబ్బు అమ్ముకొనే వర్తకుణ్ణి గాని, ఊరవతల పొలం దున్నుకొనే రైతును గాని ఎవరూ అంతగా పట్టించుకోరు. యుద్ధం వచ్చి అన్నిటినీ చెల్లాచెదరు చేసిన తరువాతనే ఆ మామూలు జీవితం విలువ తెలిసివస్తుంది. సిరియా అనుభవం ఈ సత్యాన్ని విశదం చేస్తున్నది.

హలబ్ (అలెప్పో) ప్రపంచంలోని అతి ప్రాచీన నగరాలలో ఒకటి. దాని పాత నగరాన్ని యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. 2011 మార్చిలో ప్రజాందోళనగా మొదలైన సంక్షోభం అంతర్యుద్ధంగా మారి, 2012లో ఆ నగరాన్ని చుట్టుముట్టింది. ఆ ఏడు సెప్టెంబరులో అక్కడి పాత బజార్లు తగలబడ్డాయి. 2013 ఏప్రిల్ 24న ఉమయ్యద్ జామె మస్జిదు మినార్ నేలకూలింది. సల్జూకుల కాలంలో, క్రీ.శ. 11వ శతాబ్దం చివర నిర్మించిన ఆ మినార్ సుమారు 45 మీటర్ల ఎత్తుండేది.

ఇటువంటి నష్టం జరిగినప్పుడు మొదట అక్కరకు వచ్చేవి పాత ఛాయాచిత్రాలే. బెర్లిన్‌లోని ఇస్లామీయ కళా మ్యూజియం, జర్మన్ పురావస్తు సంస్థ కలిసి 2013లో సిరియా వారసత్వానికి సంబంధించిన చిత్రాలను ఒకచోట చేర్చే పని ఆరంభించాయి. పరిశోధకులూ యాత్రికులూ ఎన్నడో తీసి దాచుకొన్న చిత్రాలు ఇప్పుడు విలువైన ఆధారాలయ్యాయి.

అయితే రూపం తెలిసినంత మాత్రాన పనితనం తెలుస్తుందా? దీనికి హలబ్‌తో ముడిపడిన మరొక ఉదంతం సమాధానం చెబుతుంది. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ హలబ్‌లో చేయించగా, సలాహుద్దీన్ అయ్యూబీ బైతుల్ మఖ్దిస్‌కు చేర్చిన మింబర్ 1969 ఆగస్టు 21న మస్జిదె అఖ్సాలో దహనమైపోయింది. దానిని పోలిన కొత్త మింబర్‌ను జోర్డాన్‌లో తయారుచేసి 2007లో అక్కడ ప్రతిష్ఠించారు. పాత ఛాయాచిత్రాలు దాని ఆకృతిని చూపాయి. కాని వేలాది చెక్క ముక్కలను ఒకదానిలో ఒకటి ఇమిడ్చే విద్యను మాత్రం నిపుణులు తిరిగి సాధించవలసి వచ్చింది. పూర్వపు వడ్రంగి చేతుల కదలికను ఎవరూ చిత్రించి ఉండలేదు మరి. చలనచిత్రం తీర్చగల లోటు ఇదే.

స్వరం విషయమూ ఇంతే. హలబ్ జామె మస్జిదులో ముఅజ్జిన్‌గా ప్రసిద్ధుడైన సబ్రీ ముదల్లల్ (1918-2006) భక్తిగీతాల గానంలో దిట్ట. సిరియా దర్శకుడు ముహమ్మద్ మలస్ 1990ల చివరి భాగంలో ఆయనపై ఒక చిత్రం తీశారు. కూలిన మినార్‌ను మళ్ళీ కట్టవచ్చును. ఆ వృద్ధుని కంఠాన్నీ, శ్వాసనూ, గానం చేసేటప్పటి ముఖకవళికలనూ మళ్ళీ నిర్మించడం ఎవరి తరం?

ఇక్కడ మరొక ప్రశ్న తలెత్తుతుంది. చిత్రించినదంతా సాక్ష్యమవుతుందా? దర్శకుడు ఉమర్ అమీరలాయ్ కృషిని పరిశీలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఆయన 1970లో ఫురాత్ (యూఫ్రటీస్) నదిపై కడుతున్న ఆనకట్టను మెచ్చుకొంటూ ఒక చిన్న చిత్రం తీశారు. 1974లో నాటకకర్త సాదుల్లా వన్నూస్‌తో కలిసి, దైరుజ్జూర్ ప్రాంతంలోని ఒక గ్రామపు దైనందిన జీవితాన్ని చిత్రించారు. రైతుల శ్రమనూ, పేదరికాన్నీ, అధికారుల మాటలకూ ఊరి స్థితికీ మధ్య గల అంతరాన్నీ దాచకుండా చూపినందున ప్రభుత్వం ఆ చిత్రాన్ని నిషేధించింది. 2003లో ఆయన మళ్ళీ ఫురాత్ తీరానికి వెళ్ళి, అల్ మాషీ గ్రామంలో మరొక చిత్రం తీశారు. యౌవనంలో ఆనకట్టను పొగిడినందుకు పశ్చాత్తాపాన్ని అందులో స్వయంగా ప్రకటించారు. బడిలో పిల్లలు పాలక పక్షపు నినాదాలు వల్లించే దృశ్యాలను ఉన్నవి ఉన్నట్లు చూపారు. 2011 ఫిబ్రవరి 5న ఆయన మరణించారు. మరుసటి నెలలోనే ఆందోళన రాజుకొన్నది.

యుద్ధంలో సర్వం కోల్పోయినవారికి గతమంతా స్వర్గంగా తోచడం సహజం. పాలకులు మరొక విధంగా గతానికి రంగులద్దుతారు. ఆ రెండింటి నడుమ, 1974 నాటి చిత్రం ఊరి కష్టాన్ని కష్టంగానే నిలిపి ఉంచింది. యుద్ధం ఎక్కడినుండి పుట్టుకొచ్చిందో తెలుసుకోదలచినవారికి పొగడ్త చిత్రాలకన్న ఆ నిషిద్ధ చిత్రమే ఎక్కువ మేలు చేస్తుంది. సాక్షికి ఉండవలసిన మొదటి గుణం సత్యసంధత. కెమెరా పట్టిన సాక్షికీ ఈ నియమం వర్తిస్తుంది.

2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలిపోయింది. దేశం విడిచిపోయినవారిలో అనేకులు తిరిగి వస్తున్నారు. యుద్ధకాలంలో పరాయి దేశాలలో పుట్టి పెరిగిన బిడ్డలకు స్వగ్రామం పేరు మాత్రమే తెలుసు. తాతలు ఎలా దున్నారో, ఏ స్వరంలో పాడారో, దేనికి భయపడ్డారో వారు తెలుసుకోవాలంటే, శాంతికాలంలో ఓపికగా తీసిన ఈ కొద్దిపాటి చిత్రాలే ఆధారం. రాళ్ళను తిరిగి పేర్చే పనిలో ఉన్నవారు వీటిని కూడా అంతే శ్రద్ధతో కాపాడవలసి ఉన్నది. ఇవి రాబోయే తరానికి అందజేయవలసిన అమానతు.