ముఖం తుడిచి తలకెక్కిన రుమాలు

రుమాలు పారసీక భాష నుంచి వచ్చిన మాట. ఆ భాషలో ‘రూ’ అంటే ముఖం. ‘మాల్’ అనేది ‘మాలీదన్’ అనే క్రియకు చెందింది. రుద్దడం, తుడవడం దాని అర్థాలు. రెండూ కలిస్తే ముఖం తుడుచుకునే గుడ్డ. ఒంటికి నూనె పట్టించి మర్దన చేసే మాలీషు కూడా ఈ క్రియలోంచే పుట్టింది. సుల్తానులు, నిజాముల కాలంలో కచేరీల్లో పారసీకానిదే పెత్తనం కావడంతో ఇలాంటి మాటలు చాలానే తెలుగులో స్థిరపడ్డాయి.

అయితే జేబులో పెట్టుకునే గుడ్డను తెలంగాణలో ఎక్కువమంది దస్తీ అంటారు. పారసీకంలో ‘దస్త్’ అంటే చెయ్యి. జబర్దస్తీ, దస్తావేజు మాటల్లో ఉన్నదీ అదే. రుమాలు అంటే అక్కడి పల్లెల్లో తలకు చుట్టుకునే పెద్ద గుడ్డ. కోస్తాలో చేతిరుమాలు, జేబురుమాలు అనడంలోనూ ఈ తేడా తెలుస్తుంది. వట్టి రుమాలు అంటే చిన్న గుడ్డ అనే అర్థం ఒక్కటే ఉంటే, ముందు చేతినో జేబునో చేర్చవలసిన పని ఉండేది కాదు.

ముఖానికి పుట్టిన మాట ఇలా తలకెక్కితే, ఇంగ్లీషు కర్చీఫ్ తల మీంచి కిందికి దిగింది. పాత ఫ్రెంచిలో దాని మూలానికి తల కప్పేది అని అర్థం. చేతిలోకి వచ్చాక దానికి ముందు చెయ్యి అనే మాట చేర్చి హ్యాండ్‌కర్చీఫ్ అన్నారు. మనం రోజూ వాడే కర్చీఫ్‌లో మాత్రం ఆ చెయ్యి మళ్లీ జారిపోయింది.

రుమాలు ఎక్కడెక్కడ ఏయే వస్తువులకు పేరైందో చూస్తే, తుడవడం కంటే నలుచదరపు ఆకారమే ఆ మాటకు ముఖ్యమైపోయిందనిపిస్తుంది. కాశ్మీరులో చదరపు శాలువా రుమాలే. హిమాచల్‌ప్రదేశ్‌లోని చంబాలో రెండు వైపులా ఒకేలా కనిపించేలా బొమ్మలు కుట్టి, కానుకల పళ్లేల మీద కప్పే గుడ్డా రుమాలే. సిక్కులు గురుగ్రంథ సాహిబ్‌పై కప్పే వస్త్రాన్ని రుమాలా అంటారు. వీటిలో ఏదీ ముఖం తుడుచుకునేది కాదు. పల్చగా చేసి మడతపెట్టే రుమాలీ రోటీ అయితే అసలు గుడ్డే కాదు.

తెలుగు నేతగాళ్ల చేతిలో ఈ మాటకు దక్కిన గొప్ప రూపం తేలియా రుమాల్. దీనికి పేరుపడ్డ ఊళ్లు చీరాల, పుట్టపాక. హిందీ, ఉర్దూల్లో ‘తేల్’ అంటే నూనె. ఆముదపు కాయలను కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, ఆ తేటలో నూనె వేసి, నూలును అందులో నానబెట్టి పిసుకుతారు, ఆరబెడతారు. రోజుల తరబడి ఇదే పని. అలా నూనె తాగిన నూలు మెత్తబడి, ఎరుపును బాగా పట్టుకుంటుంది. కొత్త గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన తెలుస్తుంది. పడుగునూ పేకనూ కూడా ముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం మీద ఆ రెండింటి మచ్చలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటేనే ఎరుపు, నలుపు, తెలుపుల్లో బొమ్మ తేరుతుంది. దారం కాస్త జరిగినా అంచు చెదురుతుంది. ఇంత ఓపిక, ఇంత లెక్క నిండిన పనికి రుమాలు అనే పేరు చాలా చిన్నది.

రైతులు, జాలర్లు దీన్ని తలపాగాగా, లుంగీగా వాడేవారు. గల్ఫ్ తీరానికి, అరబ్బు దేశాలకు ఎగుమతి కావడంతో ఆసియా రుమాల్ అనే పేరూ వచ్చింది. చీరాల ప్రాంతంలోనే నేసిన గళ్ల మద్రాసు రుమాళ్లు పశ్చిమాఫ్రికా దాకా వెళ్లాయి. నైజీరియాలోని కలబరి ప్రజలు వాటిని నడుముకు చుట్టుకునేవారు. కొన్నిటిలోని దారాలను కత్తిరించి లాగేసి, కొత్త నమూనాలూ తేల్చేవారు.

పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ఊరి నేత కళాకారుడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఈ పద్ధతిలో దుపట్టాలు, చీరలు కూడా నేస్తున్నారు. చదరం పోయి గజాల కొద్దీ సాగినా, నేతగాళ్లూ కొనేవాళ్లూ వాటిని తేలియా రుమాల్ చీరలనే అంటున్నారు.