స్విచ్చి ఆపి వేస్తే తప్పు పోయినట్టేనా?

మీ పాఠశాల కంప్యూటరు పనిచేస్తూ చేస్తూ హఠాత్తుగా బిగుసుకుపోయిందనుకోండి. మీట నొక్కినా ఉలకదు, మౌస్ కదిపినా పలకదు. పక్కనున్న మిత్రుడు ఏమంటాడు? "స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యరా, అదే బాగవుతుంది" అంటాడు. చాలాసార్లు బాగవుతుంది కూడా. కాని ఒక్క ప్రశ్న వేసుకోండి: తప్పు పోయిందా, దాక్కుందా?

జ్వరం వచ్చినప్పుడు బిళ్ళ వేసుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. ఆ జ్వరం మలేరియా వల్ల వచ్చినదైతే, వేడి తగ్గుతుందే గాని రక్తంలోని పరాన్నజీవి చావదు. కంప్యూటరు సంగతీ అంతే. పని చేసేటప్పుడు అది అంకెలను, మధ్యలో వచ్చే ఫలితాలను తాత్కాలికమైన స్మృతిలో ఉంచుకుంటుంది. దీన్ని ర్యామ్ అంటారు. కరెంటు ఆపగానే ర్యామ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. మళ్ళీ స్విచ్చి వేస్తే కంప్యూటరు, తుడిచిన పలక మీద రాసినట్లు, మొదటి నుంచి లెక్క ప్రారంభిస్తుంది. అందుకే బాగైనట్లు కనిపిస్తుంది. కాని ఏ పని తరువాత ఏ పని చేయాలో చెప్పే ఆదేశాల వరుస, అంటే ప్రోగ్రాము, డిస్కులో ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. తప్పు అందులో ఉంటే, అదే పరిస్థితి వచ్చిననాడు మళ్ళీ బయటపడుతుంది. ప్రోగ్రాములోని ఇటువంటి తప్పును 'బగ్' అంటారు.

ఒక్క రోజు మొరాయించిన యంత్రం

మైక్రోసాఫ్ట్ సంస్థ ఒకప్పుడు జేబులో పట్టే పాటల యంత్రం ఒకటి అమ్మేది. దాని పేరు 'జూన్'. నెల పేరుతో దీనికి సంబంధం లేదు. 2008 డిసెంబరు 31న, 30 గిగాబైట్ల రకం జూన్ యంత్రాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, మరునాడు మళ్ళీ ఛార్జి చేసి వేయండని సంస్థ సలహా ఇచ్చింది. 2009 జనవరి 1న అవి మామూలుగా పనిచేశాయి. ప్రోగ్రాములో మాత్రం ఒక్క అక్షరం మారలేదు!

తప్పు ఎక్కడుంది? ఆ యంత్రంలోని గడియారం, 1980 జనవరి 1 మొదలుకొని గడచిన రోజులను బట్టి అది ఏ సంవత్సరమో తేల్చేది. ఆ ఆదేశాలను మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటాయి:

1. మిగిలిన రోజులు 365 కంటె ఎక్కువా? కాకపోతే లెక్క ముగించు.
2. ఎక్కువైతే, ఇది లీపు సంవత్సరమా? కాకపోతే 365 తీసివేసి, సంవత్సరానికి ఒకటి కలిపి, మళ్ళీ 1కి వెళ్ళు.
3. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటె ఎక్కువా? ఎక్కువైతే 366 తీసివేసి, సంవత్సరానికి ఒకటి కలుపు. తరువాత మళ్ళీ 1కి వెళ్ళు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క 2008 దాకా వచ్చిందనుకుందాం. డిసెంబరు 31 నాటికి మిగిలినవి 366 రోజులు. 366 అనేది 365 కంటె ఎక్కువే. 2008 లీపు సంవత్సరమే. మరి 366, 366 కంటె ఎక్కువా? కాదు, సమానం. కాబట్టి ఏమీ తీసివేయకుండానే మళ్ళీ 1కి వెళ్ళాలి. అక్కడ ఉన్నది మళ్ళీ 366! యంత్రం గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోయింది.

మరునాటి అంకె 367 పెట్టి చూడండి. 366 పోగా 1 మిగులుతుంది, సంవత్సరం 2009 అవుతుంది, లెక్క ముగుస్తుంది. డిసెంబరు 30 నాటి 365 పెట్టినా ఇబ్బంది లేదు. లీపు సంవత్సరంలో చివరి రోజున మాత్రమే తల ఎత్తే తప్పు ఇది. 3వ ఆదేశంలో "ఎక్కువ కాకపోతే లెక్క ముగించు" అని చేరిస్తే చాలు, తప్పు పోతుంది.

సెకనులో మూడోవంతు

పాటలు ఆగితే పోయేదేమీ లేదు. కాని 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధకాలంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఏం జరిగిందో చూడండి. ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణిని అక్కడి అమెరికా పేట్రియట్ వ్యవస్థ అడ్డుకోలేకపోయింది. ఆ క్షిపణి సైనికుల వసతిగృహం మీద పడి 28 మంది చనిపోయారు.

పేట్రియట్ గడియారం కాలాన్ని సెకనులో పదోవంతుల లెక్కన కొలిచేది. 1/3ని దశాంశాలలో రాస్తే 0.333... అని అంతు లేకుండా పోతుంది కదా! కంప్యూటరు వాడే ద్విసంఖ్యామానంలో 1/10 కూడా అలాగే అంతు లేకుండా పోతుంది. దాన్ని కొన్ని స్థానాల దగ్గర తెగ్గొట్టక తప్పలేదు. అందువల్ల ఒక్కొక్క పదోవంతుకు సుమారు 0.000000095 సెకను తేడా వచ్చేది. ఆనాటికి ఆ వ్యవస్థ 100 గంటలకు పైగా ఆపకుండా నడుస్తోంది. 100 గంటల్లో 36,00,000 పదోవంతులు ఉంటాయి. గుణించి చూడండి: సుమారు 0.34 సెకను. అంత సేపట్లో స్కడ్ అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. రాడారు దాని కోసం చూడవలసిన చోట కాక వేరొక చోట చూసింది.

ఆ వ్యవస్థను ఆపి మళ్ళీ ప్రారంభించడానికి 60 నుంచి 90 సెకన్లు చాలు. అలా చేస్తే గడియారం మళ్ళీ సున్న నుంచి మొదలయ్యేది. నిజానికి ఫిబ్రవరి 21నే, "చాలాసేపు" నడిపితే తేడా వస్తుందని సైనిక దళాలకు హెచ్చరిక పంపారు. చాలాసేపు అంటే ఎన్ని గంటలో అందులో లేదు. సరిచేసిన ప్రోగ్రాము దహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న, ఒక్క రోజు ఆలస్యంగా.

మరి మీరేం చేయాలి?

కంప్యూటరు బిగుసుకుపోతే స్విచ్చి మీదకు చెయ్యి వెళ్ళేముందు నోటుపుస్తకం తీయండి. తెరమీద ఏ వాక్యం కనిపించిందో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. అంతకుముందు మీరు చేసిన పనులు వరుసగా రాయండి. తేదీ, సమయం, అది ఎన్ని గంటలుగా నడుస్తోందో కూడా రాయండి. "చాలాసేపు" అని రాయకండి, అంకె వేయండి. ఆ తరువాత స్విచ్చి ఆపి వేసినా ఫరవాలేదు.

ఇప్పుడు అవే పనులు అదే వరుసలో చేసి, తప్పును మళ్ళీ రప్పించండి. రప్పించగలిగిన తప్పు సగం దొరికినట్టే. ఒకేసారి నాలుగు మార్పులు చేయకండి. ఒక్కటి మార్చి ఫలితం చూడండి. లేకపోతే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు.

మీరు రాసిన ప్రోగ్రాములో 100 వరుసలు ఉంటే సరిగ్గా మధ్యలో ఆపి, అప్పటి విలువలను తెరమీదకు రప్పించండి. అవి సరిగా ఉంటే తప్పు కింది సగంలో ఉందన్నమాట. లేకపోతే పై సగంలో. ఇలా సగం, అందులో సగం చేసుకుంటూ పోతే ఏడుసార్లలో ఒక్క వరుస దగ్గరికి చేరవచ్చు.

సరిచేసిన తరువాత హద్దులు పరీక్షించండి. మార్కుల ప్రోగ్రాము అయితే 0, 100 ఇచ్చి చూడండి. ఉత్తీర్ణతకు 35 కావాలంటే 34, 35, 36 మూడూ ఇచ్చి చూడండి. జూన్ యంత్రానికి 366 అనే ఒక్క అంకె ఇచ్చి చూసి ఉంటే ఆ తప్పు ముందే దొరికేది.

చివరగా ఒక చిన్న ప్రయోగం. మీ పాఠశాల కంప్యూటరులో పైథాన్ భాష ఉంటే, 0.1కి 0.2 కలిపి జవాబు అడగండి. 0.30000000000000004 అని వస్తుంది. ఆ చివరి 4 ఎక్కడి నుంచి వచ్చిందో మీ మిత్రులకు మీరే వివరించండి.