అరగంటలో మినెస్ట్రోనే

ఇటలీ ఇళ్లలో చలికాలం రాగానే పొయ్యి మీదికెక్కే వంటల్లో మినెస్ట్రోనే ఒకటి. కూరగాయలు, చిక్కుడు గింజలు, చిన్న పాస్తా కలిసి ఉడికే చిక్కటి సూప్ ఇది. దీనికి ఒకే కొలతంటూ లేదు. మిలాన్‌లో పాస్తాకు బదులు బియ్యం వేస్తారు. జెనోవాలో చివర బేసిల్ ఆకులతో నూరిన పెస్తో కలుపుతారు. 1891లో అచ్చయిన పెల్లెగ్రినో ఆర్తూసి వంటల పుస్తకంలోనూ దీనికి చోటుంది.

రుచికి పునాది సొఫ్రిట్టో. సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, సెలెరీని ఆలివ్ నూనెలో సన్నసెగ మీద మెత్తబడేదాకా మగ్గించడమే అది. ఇక్కడ తొందరపడకూడదు.

నలుగురికైతే, అందులో రెండు టమాటాలు, ఒక బంగాళదుంప, గుప్పెడు బీన్స్ ముక్కలు వేసి లీటరున్నర నీళ్లు పోయాలి. పావుగంట ఉడికాక, ముందే ఉడికించి ఉంచిన కప్పు రాజ్మా, అరకప్పు చిన్న పాస్తా, ఉప్పు, మిరియాల పొడి చేర్చి మరో పది నిమిషాలు ఉంచితే చాలు.

ఉడికిన నీళ్లు పారబోసే పని లేదు కనుక, అందులోకి దిగిన పోషకాలు గిన్నెలోనే ఉంటాయి. గింజల వల్ల మాంసకృత్తులు, పీచు అందుతాయి.

మర్నాటికి దాచుకోవాలంటే మాత్రం పాస్తాను విడిగా ఉడికించి, తినేముందే కలపండి. లేదంటే అది రసమంతా పీల్చుకుని ముద్దవుతుంది.