హైటెక్ సిటీ హైదరాబాద్ జిల్లాలో లేదు.. రంగారెడ్డి జిల్లా అసలు కథేంటి? జనాభా లెక్క ఎక్కడ ఆగింది?

హైదరాబాద్ ఐటీ అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ ఒక్కటే.. సైబర్ టవర్స్. కానీ రికార్డుల ప్రకారం సైబర్ టవర్స్ హైదరాబాద్ జిల్లాలో లేదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ.. ఇవన్నీ రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలం కిందికి వస్తాయి. కాస్త ముందుకెళ్తే కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఇటు లింగంపల్లి దాటితే బీహెచ్ఈఎల్, తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లా. అంటే పొద్దున్నే కేపీహెచ్‌బీలో బస్సెక్కి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో దిగే ఉద్యోగి రోజూ జిల్లా సరిహద్దు దాటుతున్నాడు. ఆ సంగతి చాలామందికి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా మామూలుగా రాదు.

అవసరం ఎప్పుడొస్తుందంటే.. కలెక్టరేట్‌లో పని పడినప్పుడు. ఒకప్పుడు రంగారెడ్డి కలెక్టరేట్ నగరం నడిబొడ్డున లక్డీకాపూల్‌లో ఉండేది. ఇప్పుడు ఇబ్రహీంపట్నం వైపు కొంగరకలాన్‌లో ఉంది. 2022 ఆగస్టులో అప్పటి సీఎం కేసీఆర్ దాన్ని ప్రారంభించారు. కొండాపూర్‌లో ఉండేవాళ్లకు అది ఔటర్ రింగ్ రోడ్డు మీద నగరానికి ఆ చివర. జిల్లా మ్యాప్ చూస్తే విషయం అర్థమవుతుంది. హైదరాబాద్‌ను పడమర, దక్షిణం, తూర్పు వైపుల నుంచి చుట్టేసినట్టుగా ఉంటుంది రంగారెడ్డి. ఇంతకీ ఈ ఆకారం ఎలా వచ్చింది?

నిజాం సొంత భూములు

నిజాం పాలనలో హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. బల్దా అంటే నగరం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కల. ఇది సర్ఫ్-ఎ-ఖాస్, అంటే ఆదాయం నేరుగా నిజాం ఖజానాకు వెళ్లే సొంత జిల్లా. మధ్యలో అక్కడక్కడా జాగీర్లు, పాయిగా ప్రభువుల ఊళ్లు. మణికొండ జాగీర్, రాయదుర్గ్ పాయిగా అన్న పేర్లు ఇప్పటికీ రెవెన్యూ రికార్డుల్లో కనిపించడానికి కారణం ఇదే.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. తర్వాతి ఏడాది సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసిపోయింది, జాగీర్లు రద్దయ్యాయి. అత్రాఫ్-ఎ-బల్దా, బాగాత్ జిల్లాలను కలిపి హైదరాబాద్ జిల్లా చేశారు. వీటిలో చాలా భూములు ప్రభుత్వ ఖాతాలోకి వచ్చాయి. అప్పట్లో వాటి విలువ ఎంత? రాళ్లు, గుట్టలు, మెట్ట పొలాలు. చెరువు కింద ఉన్న కాస్త తరి పొలానికే లెక్క. అందుకే 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పెట్టినప్పుడు గచ్చిబౌలిలో 2,300 ఎకరాల వరకు ఇవ్వడం ఎవరికీ పెద్ద విషయంగా అనిపించలేదు. ఇప్పుడు అదే గచ్చిబౌలిలో ఎకరం కాదు కదా, గజం కోసం కోర్టుకెళ్తున్నారు.

ఇక రంగారెడ్డి జిల్లా విడిగా ఏర్పడింది 1978 ఆగస్టు 15న. హైదరాబాద్ జిల్లాలోని నగర భాగాన్ని అలాగే ఉంచి, చుట్టూ ఉన్న గ్రామీణ ప్రాంతాన్ని వేరు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉప ముఖ్యమంత్రిగా చేసిన కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. 1956 పెద్ద మనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం చేసిన నేతల్లో ఆయన ఒకరు. జిల్లా ఏర్పడినప్పుడు సీఎంగా ఉన్న మర్రి చెన్నారెడ్డి ఆయనకు మేనల్లుడు. అప్పట్లో ఇది పేరుకు తగ్గట్టే పల్లెల జిల్లా. జిల్లా కేంద్రం మాత్రం జిల్లా బయట, హైదరాబాద్‌లోనే ఉండేది.

ఐటీ కంటే ముందే ఫ్యాక్టరీలు

చాలామంది ఈ ప్రాంతం కథను 1998 నుంచి మొదలుపెడతారు. కానీ జనం రావడం అంతకు ముప్పై ఏళ్ల ముందే మొదలైంది. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, అటు కుషాయిగూడ వైపు 1967లో ఈసీఐఎల్, తర్వాత ఎన్ఎఫ్‌సీ.. ఇలా కేంద్ర ప్రభుత్వ సంస్థలు వరసగా నగరం అంచున వచ్చాయి. వాటి చుట్టూ సనత్‌నగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు పారిశ్రామిక వాడలు పెరిగాయి. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న వాళ్లే తర్వాత సొంత మందుల కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు కల్లం అంజిరెడ్డి కూడా ఒకప్పుడు ఐడీపీఎల్ ఉద్యోగే.

ఈ ఫ్యాక్టరీల కోసం కోస్తా జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి, కేరళ, తమిళనాడు నుంచి కూడా జనం వచ్చారు. కంపెనీ క్వార్టర్స్‌లో దిగారు, రిటైరయ్యాక పక్కనే ప్లాటు కొనుక్కున్నారు. చందానగర్, మియాపూర్, కూకట్‌పల్లి కాలనీల్లో పాత తరం వాళ్లను కదిలిస్తే ఈ కథే చెబుతారు. పాలమూరు కూలీలది ఇంకో దారి. ఇళ్లు కట్టడానికి వచ్చారు. పని ఉన్నచోట గుడిసె వేసుకుని, పని అయిపోగానే వేరే చోటికి వెళ్లారు.

పంజాబ్‌లో లూథియానాదీ ఇంచుమించు ఇదే తీరు. అక్కడ ఉన్ని బట్టలు, సైకిళ్ల ఫ్యాక్టరీలు జనాన్ని లాక్కొచ్చాయి. యూపీ, బిహార్ కార్మికులు రావడంతో 2011 నాటికి దాదాపు 35 లక్షల మందితో పంజాబ్‌లో అత్యధిక జనాభా ఉన్న జిల్లా అయింది. తేడా ఏంటంటే అక్కడ నగరం జిల్లా మధ్యలో ఉంది. ఇక్కడ జిల్లానే నగరం చుట్టూ ఉంది.

1998 నవంబర్ 22

ఆ రోజు అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. ఎల్ అండ్ టీ, ఏపీఐఐసీ కలిసి కట్టిన భవనం అది. అదే ఏడాది ట్రిపుల్ ఐటీ వచ్చింది, మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ మొదలైంది. 2001లో ఐఎస్‌బీ. 2002లో నేషనల్ గేమ్స్ కోసం గచ్చిబౌలి స్టేడియం. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు, అదే ఏడాది సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు ఔటర్ తొలి దశ. మెట్రో మాత్రం ఆలస్యమైంది. హైటెక్ సిటీకి 2019 మార్చిలో, రాయదుర్గానికి అదే ఏడాది నవంబర్‌లో చేరింది. అప్పటికి కారిడార్‌లో ట్రాఫిక్ జామ్‌కు ఇరవై ఏళ్లు నిండాయి.

ఉద్యోగాల లెక్క చూస్తే స్పీడ్ తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ నివేదికల ప్రకారం 2013-14లో తెలంగాణ ఐటీ ఎగుమతులు రూ.57,258 కోట్లు, ఉద్యోగులు 3.23 లక్షలు. 2022-23కి ఎగుమతులు రూ.2.41 లక్షల కోట్లు, ఉద్యోగులు 9.05 లక్షలు. వీళ్లలో పెద్ద భాగం పనిచేసేది ఈ కారిడార్‌లోనే.

జనాభా ఎంత పెరిగింది?

రంగారెడ్డి జిల్లాలో 1981 సెన్సస్ ప్రకారం 15.8 లక్షల మంది. 1991లో 25.5 లక్షలు. 2001లో 35.7 లక్షలు. 2011కి వచ్చేసరికి 52.96 లక్షలు. ముప్పై ఏళ్లలో మూడు రెట్లకు పైగా! 2011లో తూర్పు గోదావరిని దాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యధిక జనాభా ఉన్న జిల్లాగా నిలిచింది. పల్లెల జిల్లాగా పుట్టిన చోట అప్పటికే 70 శాతం మంది పట్టణవాసులు.

ఇంకో అంకె చూడండి. 2001-2011 మధ్య రంగారెడ్డి 48 శాతం పెరిగితే, పక్కనే ఉన్న హైదరాబాద్ జిల్లా పెరిగింది 3 శాతం లోపే. 217 చదరపు కిలోమీటర్ల ఆ జిల్లాలో అప్పటికే 39 లక్షల మంది ఉన్నారు. చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా. ఇక చోటెక్కడిది? నగరం పెరిగిందని అందరూ అన్నారు గానీ, నిజానికి పెరిగింది నగరం చుట్టూ ఉన్న జిల్లా. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసింది కూడా ఇందుకే. అందులో శేరిలింగంపల్లి ఒకటి.

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనలో పాత రంగారెడ్డి మూడు ముక్కలైంది. రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, వికారాబాద్. పాత 2011 లెక్కనే పంచితే మొదటి రెండింటికి చెరో 24 లక్షల మంది, వికారాబాద్‌కు 9 లక్షల మంది వచ్చారు. విస్తీర్ణంలో మాత్రం పొంతనే లేదు. రంగారెడ్డి 5 వేల చదరపు కిలోమీటర్లు ఉంటే మేడ్చల్ వెయ్యికి కాస్త ఎక్కువ.

అసలు సమస్య ఇక్కడే

2011 తర్వాత లెక్క లేదు. 2021లో జరగాల్సిన సెన్సస్ కరోనాతో వాయిదా పడింది. అంటే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నిండిపోయిన కాలం, కోకాపేట టవర్లు లేచిన కాలం, మెట్రో వచ్చిన కాలం.. ఇదంతా అధికారిక జనాభా లెక్కలో లేనే లేదు. ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి బియ్యం అన్నది 2011 లెక్కను బట్టే. కొత్తగా వచ్చిన పేద కుటుంబానికి ఇది నేరుగా తగిలే దెబ్బ.

ఎమ్మెల్యే సీట్ల సంగతి ఇంకా విచిత్రం. శేరిలింగంపల్లి నియోజకవర్గం హద్దులు 2001 సెన్సస్ ఆధారంగా గీశారు. అప్పుడు శేరిలింగంపల్లి మున్సిపాలిటీ మొత్తం జనాభానే సుమారు లక్షన్నర. నియోజకవర్గంలో కూకట్‌పల్లి వైపు కొంత భాగం కూడా ఉంది కాబట్టి రెండూ ఒకటే అనలేం. అయినా 2023 ఎన్నికల నాటికి ఇక్కడ ఓటర్లు 7 లక్షలు దాటేశారు. రాష్ట్రంలో ఇదే టాప్. అదే ఎన్నికల్లో అతి తక్కువ ఓటర్లున్న భద్రాచలంలో దాదాపు లక్షన్నర. అక్కడా ఒక్కరే ఎమ్మెల్యే, ఇక్కడా ఒక్కరే.

ఓటరు లిస్టులో కూడా లేనివాళ్లు ఎంతమందో! మాదాపూర్, గచ్చిబౌలి పీజీ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్ల ఓటు ఊళ్లోనే ఉంటుంది. టవర్లు కట్టే ఒడిశా, జార్ఖండ్, బిహార్ కూలీలు రేకుల షెడ్లలో ఉంటారు. వీళ్లున్నారన్న విషయం అందరికీ కనిపించింది 2020 లాక్‌డౌన్‌లోనే. ఆ ఏడాది మే 1న తెల్లవారుజామున దేశంలోనే తొలి శ్రామిక్ రైలు బయల్దేరింది ఎక్కడి నుంచో తెలుసా? లింగంపల్లి నుంచే. సుమారు 1,200 మంది కార్మికులతో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది.

భూమి మాత్రం లెక్క తప్పలేదు

మనుషుల లెక్క ఆగిపోయినా ఎకరాల లెక్క పైసాతో సహా ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం రూ.100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో రూ.177 కోట్లు. మణికొండ జాగీర్‌లోని 1,654 ఎకరాలు దర్గా హుస్సేన్ షా వలీ వక్ఫ్‌వా, ప్రభుత్వానివా అన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో తీర్పు ప్రభుత్వానికి అనుకూలంగా వచ్చింది. హుస్సేన్ సాగర్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఈ హుస్సేన్ షా వలీ వల్లనే. యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను విద్యార్థుల ఆందోళనల మధ్య 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేసింది.

మళ్లీ లెక్క ఎప్పుడు?

2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కులసర్వే చేసింది. రాష్ట్రంలో 3.54 కోట్ల మంది వివరాలు నమోదయ్యాయి. సుమారు 3 శాతం కుటుంబాలు మిగిలిపోవడంతో 2025 ఫిబ్రవరిలో ఇంకో ఛాన్స్ ఇచ్చారు. అయితే ఇది సెన్సస్ కాదు.

అసలు సెన్సస్‌కు కేంద్రం 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చింది. షెడ్యూల్ ప్రకారం 2026 ఏప్రిల్-సెప్టెంబర్ మధ్య ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. మార్చి 1, 2027 రిఫరెన్స్ తేదీ. ఈసారి అంతా డిజిటల్. ఆన్‌లైన్‌లో సొంతంగా వివరాలు నింపే వీలుంది. కులం వివరాలూ అడుగుతారు. సెన్సస్‌లో సొంతూరు ఏదన్నది కాదు, మామూలుగా ఎక్కడ ఉంటున్నారన్నదే ముఖ్యం. హాస్టళ్లను కూడా విడిగా ఒక కుటుంబం కిందే లెక్కేస్తారు. కాబట్టి కొండాపూర్ పీజీలో ఏడాదంతా ఉండే వ్యక్తి పేరును సంక్రాంతికి వెళ్లొచ్చే ఊళ్లో ఇంట్లోవాళ్లు రాయిస్తే, రంగారెడ్డి ఖాతాలో ఒకరు తగ్గినట్టే.