గట్టు మీది గుంటగలగర

కృష్ణా కాలువలకు నీరు వదిలిన కొద్ది వారాలకే వరిగట్ల మీద, బోదెల అంచున ఒక చిన్న మొక్క తలెత్తుతుంది. చిటికెనవేలి గోరంత తెల్లని పువ్వు, ఎర్రని ఛాయ గల కాండం, చేతికి గరుకుగా తగిలే ఆకులు. అదే గుంటగలగర. దాని పేరులోనే గుంట ఉన్నది. వైద్యులు భృంగరాజమనీ, యునానీ హకీములు భాంగ్రా అనీ పిలిచేది దీనినే.

ఏడాది తిరగకముందే మొలిచి, పూసి, విత్తనం రాల్చి ఇది కనుమరుగవుతుంది. ఆ తేలికపాటి విత్తనాలు నీటిపై తేలుతూ మడి నుండి మడికి చేరతాయి. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయి, డెల్టా అంతటా కాలువలు అల్లుకున్న తరువాత ఇటువంటి మొక్కకు ఇంతకంటే అనువైన నేల మరెక్కడ దొరుకుతుంది?

రైతుకు మాత్రం ఇది కలుపు. అయితే కలుపు తీసే స్త్రీలు దీనిని పారవేయక కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చేవారు. రసాన్ని కొబ్బరినూనెలో కాచి తలకు రాసేవారు. నూలుగుడ్డను రసంలో తడిపి ఆరబెట్టి, ఆముదపు దీపంలో వత్తిగా వెలిగించి, ఆ మసితో కాటుక పట్టేవారు. మన ఇళ్ళలో గోరింటాకుతో కలిపి నూరేవారూ ఉన్నారు. తెల్లజుట్టుకు గోరింట ఎరుపు విషయంలో ధర్మపండితులకు అభ్యంతరం లేదు. చర్చ అంతా గాఢమైన నలుపు గురించే.

దీనితో బట్టతలపై జుట్టు మొలుస్తుందన్న ప్రచారాన్ని మేము నమ్మలేము. ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో కొంత ఫలితం కనిపించింది గాని, మనుషుల విషయంలో అంత బలమైన ఋజువు లేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆకును ఎక్కడ కోస్తున్నామన్నది. నేడు చాలా పొలాలలో కలుపు మందు చల్లుతున్నారు. ఆ గట్టు మీది ఆకు పచ్చడికి పనికిరాదు. నగరంలో బందరు, ఏలూరు, రైవస్ కాలువల ఒడ్డున ఇది ఏపుగా పెరుగుతుంది, కాని ఆ నీటిలో మురుగు కలుస్తున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇళ్ళలోకి తెచ్చిన బురదను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మురికినేలలోని సీసం వంటి లోహాలను మొక్కలు వేళ్ళతో పీల్చుకుంటాయి. ఆకు పచ్చగా నిగనిగలాడుతున్నదని మోసపోరాదు.

పోలికలోనూ పొరపాటు జరుగుతుంది. పొడవాటి కాడపై పసుపు నడిమితో పూసేది గడ్డిచామంతి. క్యారెట్ ఆకువలె చీలిన ఆకులు గలది వయ్యారిభామ. అది తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. గుంటగలగర ఆకును వేళ్ళ మధ్య నలిపి కాసేపు ఆగితే, రసం గాలికి నల్లబడుతుంది.

శుభ్రమైన చోటి నుండి వేళ్ళున్న ఒక కొమ్మను తెచ్చి కుండీలో నాటుకోవడం మేలు. వుజూ చేసిన నీరు జారే చోట ఆ కుండీని ఉంచితే ప్రత్యేకంగా నీరు పోయనక్కరలేదు. ఆ మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది.